సలుపును ‘పెయిన్’ అంటే డాక్టరుకు ఏం తెలుస్తుంది?

చెన్నై గ్రీమ్స్ రోడ్డు చుట్టుపక్కల ఏ ఆసుపత్రి వెయిటింగ్ హాల్లో కూర్చున్నా పక్క కుర్చీలో తెలుగు వినిపిస్తుంది. నెల్లూరు, నాయుడుపేట, సూళ్లూరుపేట, చిత్తూరు వైపు నుంచి వచ్చినవాళ్లు. ఒళ్లో పాత స్కాన్ల కవరు, పక్కన ఐటీ కంపెనీల రోడ్డు ఓఎంఆర్‌లో ఉద్యోగం చేసే కొడుకో, కోడలో, మేనల్లుడో. లోపలికి వెళ్లాక పెత్తనం ఆ పిల్లలదే. డాక్టరు ఇంగ్లిష్‌లో అడుగుతారు, పిల్లలు దాన్ని తెలుగులో అడుగుతారు, పెద్దవాళ్లు చెబుతారు, పిల్లలు మళ్లీ ఇంగ్లిష్ చేస్తారు. ఈ నాలుగో మెట్టు దగ్గరే విషయం సగం జారిపోతోంది.

“అరికాళ్లు చిమచిమలాడతా ఉండాయి నాయనా, రాత్రయితే ఒకటే మంట. పిక్కలు పీకతాయి. ఒక్కోసారి నడుం కాడి నుంచి జివ్వుమని కిందిదాకా లాగతాది” అని తల్లి చెబుతుంది. కొడుకు డాక్టరు వైపు తిరిగి, “లెగ్ పెయిన్, సర్” అంటాడు.

అరికాళ్ల చిమచిమ, రాత్రి మంట వింటే డాక్టరు ముందుగా షుగరు వల్ల నరాలు దెబ్బతిన్నాయేమో చూస్తారు. నడుం నుంచి కాలికి జివ్వుమని దిగే నొప్పి అయితే వెన్నులో డిస్కు నరాన్ని నొక్కుతోందేమోనని అనుమానిస్తారు. పిక్కలు పీకడం ఈ రెండూ కాకపోవచ్చు. ఆమె మూడు సంగతులు చెబితే బల్ల అవతలికి ఒక్కటే చేరింది, అదీ పనికొచ్చే ముక్క లేకుండా.

కొడుక్కి ఇంగ్లిష్ రాదని కాదు, రోజంతా క్లయింట్లతో మాట్లాడేది అందులోనే. కానీ ఆ భాష అతనికి బడిలోనూ ఆఫీసులోనూ అబ్బింది. ఒంటికి సంబంధించిన మాటలేమో ఇంట్లో, వంటగది గడప మీద విన్నవి. పిక్కలు పట్టేశాయని ఇంగ్లిష్‌లో మూలిగే మేనత్త అతనికి ఎప్పుడూ లేదు. అందుకే గిగాబైట్ల గురించి తడుముకోకుండా చెప్పేవాడు సలుపు దగ్గర ‘పెయిన్’తో సరిపెడతాడు.

నొప్పుల్లో రకాలను వైద్యశాస్త్రం ఎప్పుడో పట్టించుకుంది. కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో రొనాల్డ్ మెల్జాక్ 1975లో ఒక ప్రశ్నావళి ప్రచురించారు. అందులో నొప్పిని వర్ణించే ఇంగ్లిష్ మాటలు 78, వాటిని 20 గుంపులుగా పేర్చారు. రోగి తనకు సరిపోయేవి ఏరుకోవాలి. ఆ జాబితా చదువుతుంటే మన పెద్దవాళ్ల మూలుగులే గుర్తొస్తాయి. పుండు సలిపితే థ్రాబింగ్, జివ్వుమంటే షూటింగ్, పొడిచినట్టుంటే స్టాబింగ్, చిమచిమలాడితే టింగ్లింగ్. ‘కలుక్కుమంది’కి మాత్రం అందులో నాకు సరిజోడు కనబడదు. వంగినప్పుడు నడుములో ఒక్క క్షణం వచ్చి, మనిషిని ఉన్నచోటే నిలబెట్టేసే ఆ నొప్పిని ఇంగ్లిష్‌లో చెప్పాలంటే ఒక వాక్యం కావాలి. అయితే వాక్యమే చెప్పాలి. ఒక మాటకు ఒక మాట దొరకాలన్న పట్టుదలే మన పిల్లల్ని ముంచుతోంది.

అర్థం తెలిసీ మాట దొరకని ఇబ్బంది ఇంగ్లిష్ వాళ్లకూ ఉంది. అందుకే పీటర్ మార్క్ రోజే 1852లో మాటల్ని అక్షరక్రమంలో కాకుండా భావాల వారీగా పేర్చి థెసారస్ వేశాడు. ఆయన వృత్తి వైద్యం కావడం విశేషం. బ్రౌన్ దొర తెలుగు-ఇంగ్లిష్ నిఘంటువు మద్రాసులో అచ్చయిందీ ఆ ఏడాదే. రెండూ ఇప్పుడు ఫోన్లోనే ఉన్నాయి. కానీ థెసారస్ ఒక వరస మాటలు చూపించి ఊరుకుంటుంది. ఆ వరసలో అమ్మ బాధ ఏదో అమ్మనే అడగాలి.

నీరసం సంగతి ఇంకా చిక్కు. మనవాళ్లు దాన్ని ఆలోచించకుండా ‘వీక్‌నెస్’ అంటారు. ఆ మాట వినగానే న్యూరాలజిస్టు చేయి పట్టుకుని గట్టిగా నెట్టమంటారు, ఎందుకంటే ఆయన లెక్కలో వీక్‌నెస్ అంటే కండరానికి బలం తగ్గడం. కూర్చున్నచోటు నుంచి లేవలేకపోవడం, చేతిలో గ్లాసు జారిపోవడం లాంటివి. తల్లి చెప్పిందేమో పొద్దున లేచేసరికే ఒళ్లు తేలిపోతోందని, ఏ పనీ చేయబుద్ధి కావడం లేదని. అది ఫటీగ్. దానికి రక్తహీనత, థైరాయిడ్, నిద్రలేమి, దిగులు ఇలా వేరే దారిలో వెతకాలి.

కళ్లు తిరగడమూ అంతే. గది గిర్రున తిరగడం, లేచి నిలబడగానే కళ్లు బైర్లు కమ్మడం, నడిస్తే తూలడం తెలుగులో వేర్వేరు మాటలు. వైద్యులు కూడా 1972 నుంచి వీటిని విడివిడిగా చూశారు. మన పిల్లల నోట మూడూ ‘గిడ్డీనెస్’. అయితే ఇక్కడో మెలిక ఉంది. కాసేపాగి మళ్లీ అడిగితే ఇంగ్లిష్ మాట్లాడే రోగులు కూడా తమది ఏ రకమో మార్చి చెబుతున్నారని తర్వాతి పరిశోధనల్లో తేలింది. అందుకే ఇప్పుడు ఆ తిరుగుడు ఎంతసేపు ఉంటోంది, ఏం చేస్తే వస్తోంది అన్నదానికే డాక్టర్లు ఎక్కువ విలువిస్తున్నారు. పక్క మీద అటు తిరిగితే వస్తోందా, లేచి నిలబడితేనా? ఇది చెప్పడానికి పెద్ద ఇంగ్లిష్ అక్కర్లేదు, ఆరో తరగతి ఇంగ్లిష్ చాలు.

చెన్నై పెద్దాసుపత్రుల్లో బెంగాలీ, అరబిక్ దుబాసీలు కనిపిస్తారు. తెలుగువాళ్లు ఎలాగోలా సర్దుకుంటారన్న ధీమా కాబోలు, మనకు ఆ మర్యాద తక్కువ. పక్కవాళ్లమే కదా అని మనమూ అడగం. చిమచిమ, సలుపు, పోటు, పట్టేయడం లాంటి మాటలు, ఎదురుగా వాటి ఇంగ్లిష్ అర్థాలు వేసిన ఒక్క కాగితం ఓపీ బల్ల మీద పెడితే ఎంతో పని తగ్గుతుంది. దానికి పెద్ద ఖర్చూ లేదు.

అన్నిటికన్నా నాకు భయమేసే మాట ‘గ్యాస్’. గుండెకు రక్తం సరిగా అందనప్పుడు చాలామంది దాన్ని నొప్పి అనరు. బరువుగా ఉంది, బిగబట్టినట్టుంది అంటారు. విలియం హెబర్డెన్ 1768లోనే దీన్ని వర్ణించి ‘అంజైనా’ అన్నాడు. పీక నులమడమని దాని లాటిన్ మూలానికి అర్థం. ఛాతీ మీద పిడికిలి బిగించి చూపిస్తే దానికి లెవీన్ సైన్ అని పేరే ఉంది. మన పెద్దాయన సరిగ్గా అలాగే పిడికిలి పెట్టి, “బండ పెట్టినట్టుంది రా, చెమటలు పడుతున్నాయి” అంటాడు. పక్కనున్న కుర్రాడు, “గ్యాస్ ప్రాబ్లం, డాక్టర్” అంటాడు. పెద్దాయన బండ అంటే ఇంగ్లిష్‌లోనూ బండనే చెప్పాలి, చెమటల సంగతి వదలకూడదు. అది గ్యాసో కాదో ఈసీజీ, రక్తపరీక్ష చూసి డాక్టరు చెబుతారు.