కుక్కపిల్ల ధర వేరు, కుక్క ఖర్చు వేరు

పోయిన ఏడాది మా ఇంటి కుక్కపిల్లకు పార్వో అనే వైరస్ జబ్బు వచ్చింది. రెండున్నర నెలల పిల్ల. రాత్రి పది దాటాక వాంతులు మొదలయ్యాయి, తెల్లారేసరికి నెత్తురు విరేచనాలు. పైగా ఆదివారం. నాలుగు క్లినిక్‌లకు ఫోన్ చేస్తే ఒక్కాయన ఎత్తి "తీసుకురండి, చూద్దాం" అన్నారు. అక్కడి నుంచి ఐదు రోజులు పొద్దునా సాయంత్రం సెలైన్. స్టాండు ఖాళీ లేకపోతే కిటికీ చువ్వకు సీసా తగిలించి, ముందు కాలికి పెట్టిన సూది కదలకుండా చేత్తో పట్టుకుని కూర్చునేవాణ్ణి. పిల్ల బతికింది. బిల్లు ఏడు వేలు దాటింది. ఆరేడు వందల్లో అయిపోయే మొదటి టీకాను "ఇంకో పది రోజులు ఆగి వేయిద్దాంలే" అని వాయిదా వేసింది మాత్రం నేనే.

అదే క్లినిక్‌కు ఒకామె చీర కొంగులో చుట్టి ఒక నాటు కుక్కను తెచ్చింది. మా వీధి చివర ఇడ్లీ బండి ఆమెదే. "ఎంతవుతాది సార్?" అని అడిగి, కొంగు ముడి విప్పి నోట్లు లెక్కపెట్టుకుని, "ఈ పూటకు ఇది కట్టుకోండి, మిగిలింది రేపు తెస్తా" అంది. మర్నాడు పొద్దున్నే తెచ్చింది కూడా.

ఖర్చు పెట్టలేనివాళ్లు జంతువుల్ని పెంచుకోకూడదని ఎవరైనా అన్నప్పుడల్లా నాకు ఆమే గుర్తొస్తుంది. ఆ మాట వినడానికి న్యాయంగానే ఉంటుంది. కానీ మా కాలనీలో ఖాళీ ప్లాటు దగ్గర మెడకు పట్టీతో సహా వదిలేసిన ల్యాబ్రడార్‌ను చూశాక నాకు ఆ మాట మీద నమ్మకం పోయింది. ఆ పట్టీ ఖరీదే నాటు కుక్క నెల తిండికి సరిపోతుంది. దాన్ని వదిలిపెట్టినవాళ్లకు లేనిది డబ్బు కాదు. మా తిరుపతిలో మే నెలలో ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది. అలాంటి ఊళ్లో మంచు దేశపు హస్కీని కొనేవాళ్లు చూసేది కుక్క ధర ఒక్కటే. పగలంతా ఏసీ వేయాలని, ఆ బొచ్చులో గోమార్లు చేరితే టిక్ ఫీవర్ వస్తుందని, పన్నెండేళ్ల పాటు ఏటా టీకాలుంటాయని అమ్మేవాడు చెప్పడు, కొనేవాడు అడగడు.

ఇప్పుడు ఆ సరదా ఆవుల మీదకూ వచ్చింది. 2024 సంక్రాంతికి ప్రధాని తన నివాసంలో పుంగనూరు ఆవులకు మేత పెడుతున్న ఫొటోలు వచ్చాక మన ఉమ్మడి చిత్తూరు జిల్లా పొట్టి ఆవు దేశమంతా తెలిసింది. సంతోషమే. కానీ మీటరు ఎత్తు కూడా లేకపోయినా అది ఆవే. దానికి మేత కావాలి, తిరగడానికి జాగా కావాలి, చూలు నిలిస్తే చూసే డాక్టరు కావాలి. ఇంటి మేడ మీద కట్టేసి ఫొటోలు దిగితే సరిపోదు.

అసలు ఉమ్మడి చిత్తూరు జిల్లావాళ్లకు పశువైద్యం కొత్తేమీ కాదు. పాలమ్ముకుని పిల్లల్ని చదివించుకున్న ఇళ్లు ఇక్కడ ఊరూరా ఉన్నాయి. ఆవుకు ఒంట్లో బాగాలేకపోతే 1962కు ఫోన్ చేస్తే పశువుల అంబులెన్స్ వస్తుంది. పశువులకు చూలు సూది వేసే గోపాలమిత్ర ఉంటాడు, పశువుల బీమా ఉంది. ఎందుకంటే ఆవు పాలిస్తుంది, దాని జబ్బు ఇంటి ఆదాయానికి నష్టం. కుక్క వల్ల పైసా రాదు కాబట్టి దాని జబ్బు ఎవరి లెక్కలోకీ రాదు. కుక్కలకూ బీమా అమ్మే కంపెనీలు వచ్చాయి కానీ, నాకు తెలిసినవాళ్లలో ఒక్కరూ తీసుకోలేదు.

మరి వైద్యం అందుబాటులో లేదా అంటే, తిరుపతిలో ఆ మాట అనలేం. 1955లో మొదలైన పశువైద్య కళాశాల ఇక్కడుంది. 2005 నుంచి ఏకంగా పశువైద్య విశ్వవిద్యాలయమే ఉంది. చాలా జిల్లాలకు ఈ భాగ్యం లేదు. ఇక్కడ చిక్కు ఫీజు కన్నా టైముతోనే ఎక్కువ. కూలికి పోయేవాడు పొద్దున ఓపీకి రావాలంటే ఒక రోజు కూలి వదులుకోవాలి. పైగా కుక్కను ఎక్కించుకోని ఆటోలవాళ్లను బతిమాలుకోవాలి. అందుకే చాలామంది ముందు మెడికల్ షాపుకు వెళ్తారు. జ్వరమని పిల్లికి పారాసిటమాల్ వేస్తారు. మనకు అది మామూలు మాత్ర, పిల్లికి ఒక్కటి చాలు ప్రాణం తీయడానికి. నొప్పులకు మనం వేసుకునే ఐబుప్రొఫెన్ కుక్కకు కూడా ప్రమాదమే. రూపాయి మాత్రతో పోతుందనుకున్నది వేలల్లోకి వెళ్తుంది, లేదా గుంత తవ్వాల్సి వస్తుంది.

డాక్టర్లు దోచుకుంటున్నారనే మాటా తరచూ వింటాం. నేనూ ఆ ఏడు వేల బిల్లు చూసి అన్నాను, దాచుకోవడమెందుకు. కానీ ఎక్స్‌రే మిషన్, ల్యాబు, సెలైన్ వాళ్లు కొనుక్కోవాల్సిందే. మనుషుల ఆసుపత్రికైతే పేదల తరఫున ప్రభుత్వ ఆరోగ్య పథకం కడుతుంది, ఇక్కడ కట్టేది మన జేబే. నా ఫిర్యాదు వేరే. టీకాకు ఎంత, ఆపరేషన్‌కు ఎంత, సెలైన్‌కు రోజుకు ఎంత అని గోడ మీద ఒక బోర్డు పెడితే పోయేదేముంది? ధర తెలియకే సగం మంది జబ్బు ముదిరేదాకా రారు. జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బుల దినమని జులై 6న ప్రభుత్వ పశువుల ఆసుపత్రుల్లో ఉచితంగా వేసే రేబిస్ టీకాలను వార్డు సచివాలయాల దగ్గర, అదీ సాయంత్రం పూట వేస్తే ఇడ్లీ బండి ఆమెలాంటి వాళ్లు వరసలో ముందుంటారు.

చట్టం సంగతి చెప్పుకోకపోవడమే మేలు. 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం ప్రకారం ఆకలిదప్పులకు మాడేలా జంతువును వదిలేస్తే నేరమే. మొదటిసారికి జరిమానా పది రూపాయల నుంచి యాభై దాకా. ఆ ల్యాబ్రడార్‌ను వదిలేసి వెళ్లినాయన కారు పార్కింగుకు అంతకన్నా ఎక్కువే కట్టి ఉంటాడు.

మా కుక్కకు బూస్టర్ తేదీ వచ్చే నెలలో ఉంది. మొన్న పొద్దున ఇడ్లీ కట్టించుకుంటుంటే ఆమె కుక్క బండి చక్రం పక్కన పడుకుని ఉంది. కాలికి గుండు గీసిన చోట వెంట్రుకలు పూర్తిగా వచ్చేశాయి. పొట్లానికి దారం చుడుతూ ఆమే అడిగింది: "మీ దానికి మళ్లీ సూది ఎప్పుడు సార్? ముందే చెప్పండి, రెండింటినీ ఒకే ఆటోలో ఏసుకుని పోదాం."