కుందేలు ముక్కు కారితే పిల్లల సిరప్ పొయ్యమంటున్న ఆ మెసేజ్‌కి జవాబు

"కుందేలుకు జలుబు చేసిందా? డాక్టరు దగ్గరికి పరుగెత్తకండి, ఇంట్లోనే తగ్గించుకోండి" అని మొదలయ్యే మెసేజ్ మళ్లీ గ్రూపులన్నీ తిరుగుతోంది. పంపేవాళ్లు మంచి మనసుతోనే పంపుతున్నారు. కానీ ఒక్కరు కూడా పంపే ముందు కుందేళ్లు తెలిసినవాళ్లను ఓ మాట అడగడం లేదు, చిరాకంతా అక్కడే. అందులో ఉన్నదేమిటంటే: పిల్లలకు వాడగా మిగిలిన అమాక్సిసిలిన్ సిరప్ పావు చెంచా పొయ్యాలి, ముక్కుకు విక్స్ రాయాలి, సాంబ్రాణి పొగ వెయ్యాలి, బాత్రూంలో వేడినీళ్లు వదిలి ఆవిరి పట్టాలి, పసుపు పాలు, తేనె తాగించాలి, గోరువెచ్చని వేపనీళ్లతో స్నానం చేయించాలి, ఆకుకూరలు చలవ కాబట్టి మానిపించాలి, ముక్కు ఆరగానే మందు ఆపెయ్యాలి. చివర్లో, పశువుల డాక్టర్లకు కుందేళ్ల గురించి తెలియదు కాబట్టి వెళ్లినా దండగ.

తేలిగ్గా తేలిపోయేవి ముందు. పాలు పెద్ద కుందేలుకు అరగవు, విరేచనాలు పట్టుకుంటాయి. తేనెలోని చక్కెర పేగులో పెరగకూడని బ్యాక్టీరియాకు మేత. స్నానం ఎప్పుడూ వద్దు. ఆ ఒత్తు బొచ్చు అడుగుదాకా ఆరడానికి గంటలు పడుతుంది, ఈలోగా ఒళ్లు చల్లబడిపోతుంది, నీళ్లకు బెదిరి వెనక కాళ్లు విదిలిస్తే వెన్నెముకే విరగొచ్చు. ఈ మూడింటి గురించి ఇంతకంటే చెప్పక్కర్లేదు.

సిరప్ సంగతి అలా వదలడానికి లేదు. మిగతా చిట్కాలు కుందేలును ఇబ్బంది పెడతాయి, ఇది చంపుతుంది.

కుందేలు తిన్న గడ్డి పులిసి శక్తిగా మారేది పెద్దపేగు మొదట్లో ఉండే సీకం అనే పెద్ద సంచిలో. ఆ పని చేసేది అక్కడ కాపురముండే బ్యాక్టీరియా. నోటి ద్వారా వెళ్లిన అమాక్సిసిలిన్ ఆ మంచి బ్యాక్టీరియాను తుడిచిపెడుతుంది. ఖాళీ అయిన చోట క్లాస్ట్రిడియం జాతివి, ముఖ్యంగా క్లాస్ట్రిడియం స్పైరోఫార్మే, విపరీతంగా పెరిగి విషం వదులుతాయి. మేత మానెయ్యడం, నీళ్ల విరేచనం, ఒళ్లు చల్లబడటం, ఆ తర్వాత చావు. ఇదంతా ఒకటి రెండు రోజుల్లోనే జరగొచ్చు, మందు ఆపిన కొన్ని రోజులకు కూడా మొదలవ్వొచ్చు. అలా ఆలస్యంగా జరిగినప్పుడు సిరప్‌ను ఎవరూ అనుమానించరు, "జలుబు ముదిరి పోయింది" అనుకుంటారు.

పావు చెంచానే కదా అంటున్నారు. 5 మిల్లీలీటర్లకు 125 మిల్లీగ్రాములుండే సిరప్‌లో పావు టీస్పూను అంటే సుమారు 31 మిల్లీగ్రాములు. ఇక్కడ గొడవ మోతాదు ఎక్కువా తక్కువా అన్నది కానే కాదు, మందు పేగులోకి వెళ్లడమే ప్రమాదం. "మా కుందేలుకు పోస్తే ఏమీ కాలేదు" అనేవాళ్లకు ఒక్కటే మాట: కొన్ని తట్టుకుంటాయి, ఏది తట్టుకుంటుందో ముందుగా చెప్పే పరీక్ష లేదు. మీ ఇంట్లో బతికిందని ఇంకొకరి కుందేలు మీద పందెం కాసే హక్కు మీకెవరిచ్చారు?

అమాక్సిసిలిన్‌లాగే కుందేలుకు నోటి ద్వారా ఇవ్వకూడని యాంటీబయాటిక్‌లు ఇంకా ఉన్నాయి: అమాక్సిసిలిన్‌కు క్లావులనేట్ కలిపినవి, ఆంపిసిలిన్, క్లాక్సాసిలిన్, సెఫలెక్సిన్, ఎరిత్రోమైసిన్, లింకోమైసిన్, క్లిండామైసిన్. చివరి రెండూ మరీ ప్రమాదం. వీటి పేర్లు రాసుకుని మందుల డబ్బాకు అంటించుకోండి. అయితే డాక్టరు పెన్సిలిన్ ఇంజెక్షన్ చర్మం కింద ఇస్తే కంగారుపడి గొడవపెట్టుకోకండి. అలా ఇస్తే పేగుకు చేరేది తక్కువ, కొన్ని మొండి ఇన్ఫెక్షన్లకు దాన్ని కావాలనే వాడతారు. పెన్సిలిన్, అమాక్సిసిలిన్ కుటుంబం మందులు నోట్లో మాత్రం పడకూడదు.

ఇప్పటికే పోసేసినవాళ్లు తర్వాతి డోసు ఆపి, అదే రోజు డాక్టరుకు మందు పేరు, ఎంత పోసారు, ఎప్పుడు పోసారు అన్నీ చెప్పండి. ఎండుగడ్డి ఎప్పుడూ ముందుండాలి, పళ్లు, బిస్కెట్లు, ధాన్యం మానెయ్యండి. పెంటికలు చిన్నవైనా, మెత్తబడినా, ఆగిపోయినా తెల్లారేదాకా చూద్దామనుకోవద్దు.

మరి ఏం వాడతారు? కుందేళ్ల ముక్కు, ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్లో ఎక్కువగా కనిపించేది పాశ్చురెల్లా మల్టోసిడా అనే బ్యాక్టీరియా. బోర్డెటెల్లా, స్టెఫిలోకాకస్, సూడోమోనాస్ కూడా ఉంటాయి. వీలైతే ముక్కు లోపలి నుంచి స్వాబ్ తీయించి కల్చర్ (బ్యాక్టీరియాను ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్ష) చేయించాలి, ఏ మందుకు లొంగుతుందో తెలుస్తుంది. కల్చర్ లేకుండా మొదలుపెట్టాల్సి వస్తే డాక్టర్లు తరచూ రాసేది ఎన్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్, సాధారణంగా కిలోకు 5 నుంచి 10 మిల్లీగ్రాములు 12 గంటలకోసారి. కిలోన్నర కుందేలుకు కిలోకు 10 చొప్పున ఒక డోసు 15 మిల్లీగ్రాములు. కుక్కల కోసం చేసిన 150 మిల్లీగ్రాముల బిళ్లను పది ముక్కలు సమానంగా చెయ్యడం ఎవరివల్లా కాదు, ద్రవ రూపంలో రాయమని అడగండి. అదే మందు ఇంజెక్షన్‌గా పదేపదే చర్మం కింద ఇస్తే ఆ చోట పుండు పడుతుంది, ఇంటికి నోటి మందు ఇవ్వమనండి. పొయ్యడానికి ముందు కిచెన్ త్రాసు మీద కుందేలును తూయండి, కంటి అంచనా పనికిరాదు.

విక్స్, సాంబ్రాణి రెండూ ఒకే తప్పు. కుందేలు ప్రధానంగా ముక్కుతోనే గాలి పీలుస్తుంది. మూసుకుపోతున్న ఆ దారిలోకి పొగ పంపడం దాన్ని మరింత వాచేలా చెయ్యడమే. విక్స్‌లో కర్పూరం, మెంథాల్, నీలగిరి తైలం ఉంటాయి. రాసిన నిమిషంలో కుందేలు ముందు కాళ్లతో మొహం తుడుచుకుని ఆ కాళ్లను నాకుతుంది, అంటే కర్పూరం కడుపులోకి పోయినట్టే. దోమల కాయిల్, అగరొత్తి, ఫినాయిల్ ఘాటు కూడా ఆ గదిలో వద్దు. అన్నిటికంటే ముందు బోను అడుగు చూడండి. మూత్రం నుంచి లేచే అమ్మోనియా ముక్కు లోపలి పొరను రోజూ కాలుస్తూ ఉంటే ఏ మందూ నిలవదు. బోను ఎత్తుకు వంగి పీల్చినప్పుడు మీ ముక్కుకు ఘాటు తగిలితే అది ఇప్పటికే చాలా ఎక్కువ. తడిసిన పరుపు రోజూ మార్చండి, తెల్లగా గట్టిపడిన మూత్రపు చారలకు తెల్ల వెనిగర్, నీళ్లు సమంగా కలిపి రుద్దండి. రంపపు పొట్టు పరవకండి. ఎండుగడ్డిని బయట దులిపి తేవాలి.

ఆవిరి విషయంలో కొంత నిజముందని ఒప్పుకుంటాను: తేమగాలి గట్టిపడిన చీమిడిని కదిలిస్తుంది. కానీ కుందేలుకు చెమట పట్టదు, వేడి బయటికి పంపే ముఖ్యమైన దారి చెవులే. గాలి 30 డిగ్రీలు దాటితే చాలు, వడదెబ్బ భయం. మూసిన బాత్రూంలో వేడి ఆవిరి మధ్య, అప్పటికే ఊపిరాడని జంతువును కూర్చోబెట్టడం ఎంత ప్రమాదమో చూడండి. తేమ కావాలంటే ఇంట్లోని నెబ్యులైజర్ చాలు. 0.9 శాతం నార్మల్ సెలైన్ 3 నుంచి 5 మిల్లీలీటర్లు పోసి, క్యారియర్‌లో కూర్చోబెట్టి, గాలి ఆడేంత సందు వదిలి పైన పలుచని తువ్వాలు కప్పి, 10 నుంచి 15 నిమిషాలు, రోజుకు రెండు మూడు సార్లు. మిషన్ మోతకు బెదురుతుంది కాబట్టి ముందు దూరంగా ఆన్ చేసి అలవాటు చెయ్యండి. పిల్లల మందు వేసిన కప్పునే వాడొద్దు. అందులో మిగిలేది తరచూ బ్యూడెసోనైడ్, అంటే స్టెరాయిడ్, పాశ్చురెల్లా ఉన్న కుందేలుకు అది మంట మీద నెయ్యి. కంటి చుక్కల్లో డెక్సామెథసోన్ ఉందేమో చీటీ చదివి చూడండి, అదీ స్టెరాయిడే. నెబ్యులైజర్ పెట్టడం అయ్యాక సెలైన్‌తో తడిపిన దూదితో ముక్కు తుడవండి.

ఆకుకూరలు మానిపించమనడం సిరప్ తర్వాత రెండో పెద్ద హాని. ముక్కు మూసుకుంటే వాసన తెలియదు, వాసన తెలియకపోతే కుందేలు తినదు, తినకపోతే పేగు ఆగిపోతుంది. 10, 12 గంటలు ఏమీ తినకపోతే అది అత్యవసరం. ఇలాంటప్పుడే కొత్తిమీర, పుదీనా లాంటి ఘాటు వాసన ఆకులు కడిగి, నీటి తడితోనే పెట్టాలి. గరిక దొరికితే మరీ మంచిది. అయినా తినకపోతే పెల్లెట్లను (కుందేళ్ల మేత గుళికలను) గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి మెత్తగా చేసి సిరంజీతో తినిపించాలి. రోజు మొత్తానికి కిలోకు 50 మిల్లీలీటర్ల దాకా, నాలుగైదు విడతలుగా. ముందు ముక్కు తుడవండి, నోరు నిండితే గాలికి వేరే దారి లేదు. ముందరి పళ్ల వెనక ఉన్న ఖాళీలోంచి పక్కగా సిరంజీ పెట్టి అర మిల్లీలీటరు నుంచి ఒకటి, మింగాక మళ్లీ. వెల్లకిలా పడుకోబెట్టి పోస్తే అది ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా అవుతుంది.

డాక్టర్లకు తెలియదన్న చివరి మాటను కొట్టిపారెయ్యలేను. మన ఊళ్లలో చాలా క్లినిక్‌లు చూసేది కుక్కలు, పిల్లులు, పాడిపశువుల్నే. కుక్కకు రాసే అలవాటులో కుందేలుకు కూడా అమాక్సిసిలిన్ రాసిన చీటీలు ఉన్నాయి. ఆ కోపం న్యాయమైనదే. దానికి విరుగుడు డాక్టర్ని మానెయ్యడం మాత్రం కాదు. వెళ్లే ముందు ఫోన్లో రెండు ప్రశ్నలు వెయ్యండి: కుందేళ్లను తరచూ చూస్తారా, నోటి ద్వారా ఏ యాంటీబయాటిక్ ఇవ్వరు? రెండోదానికి తడుముకోకుండా జవాబు వస్తే వెళ్లండి. రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం వెటర్నరీ కాలేజీలకు దగ్గర్లో ఉన్నవాళ్లు అక్కడి ఆసుపత్రుల్లోనూ అడగొచ్చు. నోరు తెరిచి ఊపిరి తీస్తున్నా, తల పైకెత్తి మెడ చాపి కూర్చున్నా, పెదవులు నీలంగా మారినా, ఒంటి వేడి 38 డిగ్రీల కిందికి పడిపోయినా, ఆ ప్రశ్నలు కూడా వద్దు, దగ్గర్లో ఆక్సిజన్ ఉన్న చోటికి పట్టుకెళ్లండి. దారిలో క్యారియర్‌ను కుదపకండి, ఎత్తుకుని ఛాతీ నొక్కకండి.

ఇక ముక్కు ఆరగానే మందు ఆపడం. ఆరింది ముక్కు చివర మాత్రమే. లోపలి గదుల్లో, చెవి మధ్య భాగంలో, పళ్ల వేళ్ల దగ్గర చీము ఉండిపోతుంది. కోర్సు తక్కువలో తక్కువ రెండు వారాలు, మొండి కేసుల్లో నాలుగు నుంచి ఆరు. ఒక ముక్కే కారుతున్నా, ఒక కన్నే నీళ్లొస్తున్నా మందు మీద మందు మార్చే ముందు తల ఎక్స్‌రే తీయించండి, పై దవడ పళ్ల వేళ్లు కన్నీటి నాళాన్ని నొక్కుతూ ఉండొచ్చు. ముందు కాళ్ల లోపలి వైపు బొచ్చు అంటుకుపోయి ఉందేమో రోజూ చూడండి, కుందేలు చీమిడి తుడుచుకునేది అక్కడే, ముక్కు శుభ్రంగా కనిపించినా నిజం అక్కడ తెలుస్తుంది.

కొన్నిటికి ఈ జబ్బు పూర్తిగా పోదు. చలి మారినప్పుడో, ఇల్లు మారినప్పుడో మళ్లీ తుమ్ములు మొదలవుతాయి. అలాంటి కుందేలున్న ఇంట్లోకి కొత్తదాన్ని తెస్తే కనీసం నెల రోజులు వేరే గదిలో, వేరే గిన్నెలతో ఉంచాలి, ముందు ఆరోగ్యంగా ఉన్నదానికి మేత పెట్టి తర్వాత దీని దగ్గరికి రావాలి. గినీ పిగ్‌ను మాత్రం ఎప్పటికీ కలపొద్దు, కుందేలు పైకి జబ్బు కనిపించకుండా మోసే బోర్డెటెల్లా దానికి ప్రాణాంతక న్యుమోనియా తెస్తుంది.