‘మొగుడి డబ్బు’ అనే ముందు ఒక్క సీజన్ సరుకు కొని చూడండి

పోయిన ఆదివారం చెన్నై వడపళనిలో బంధువుల గృహప్రవేశానికి వెళ్ళాను. భోజనాల దగ్గర మా బాబాయి వరస ఆయన ఒకరు పక్కన కూర్చున్నారు. “ఏమి చేస్తున్నావమ్మా?” అని అడిగారు. టీ నగర్‌లో చీరల దుకాణం నడుపుతున్నానని చెప్పాను. “అది సరే, మీ ఆయన ఏమి చేస్తారు?” అన్నారు.

ఆ మాట అలవాటే కాబట్టి వదిలేశాను. కానీ ఎదుటి వరుసలో సింగపూర్ నుంచి వచ్చిన కుర్రాడు ఒకడు క్రిస్టినా ఓంగ్ ప్రస్తావన తెచ్చాడు. క్లబ్ 21 బట్టల దుకాణాలు, కోమో హోటళ్ళు ఆవిడవేనని చెప్పాడు. బాబాయి సాంబారు కలుపుకుంటూ తీర్పు చెప్పేశారు. “అలాంటి మొగుడుంటే మా చెల్లెలు కూడా పెడుతుంది పది హోటళ్ళు!” అందరూ నవ్వారు. అరిటాకు ముందు గొడవ ఎందుకని నేను నోరు మూసుకున్నాను. ఇక్కడ ఆకు లేదు కాబట్టి చెబుతాను.

ముందు ఒప్పుకోవలసింది ఒప్పుకుంటాను. ఆవిడ భర్త ఓంగ్ బెంగ్ సెంగ్ సింగపూర్‌లో చిన్నవాడు కాదు. హోటల్ ప్రాపర్టీస్ అనే పెద్ద కంపెనీ ఆయనది. 2008లో ఆ నగరానికి ఫార్ములా వన్ పందేలు రావడంలో ఆయన చెయ్యి ఉంది. నేను ఒక ఏడాది తప్పు సరుకు కొంటే నా గాజులు తాకట్టుకు వెళతాయి. ఆవిడకు ఆ భయం ఉండదు. ఈ తేడా చిన్నది కాదు.

అయితే బాబాయీ, డబ్బు సరుకును కొంటుంది గానీ ఎంచిపెట్టదు.

క్లబ్ 21 మొదలైంది 1972లో. ఇటలీ ఫ్యాషన్ సంస్థ అర్మానీ బట్టలనూ, జపాన్ డిజైనర్ల బట్టలనూ తెచ్చి సింగపూర్‌లో అమ్మడం ఆ దుకాణం పని. ఆ వ్యాపారంలో సరుకు ఆరు నెలల ముందే కొనాలి. మిలాన్‌లోనో పారిస్‌లోనో నమూనాలు చూసి, ఏ రంగులో ఎన్ని, ఏ సైజులో ఎన్ని అని అప్పటికప్పుడు రాసివ్వాలి. కొనబోయేవాళ్ళు ఆ బట్ట ముఖం కూడా చూసి ఉండరు. పైగా సింగపూర్ భూమధ్యరేఖ పక్కనే ఉన్న ఊరు. చలికాలమే ఎరగని చోట చలికాలం కోసం కుట్టిన బట్టల్లోంచి ఏవి అమ్ముడుపోతాయో పట్టుకోవాలి. అక్కడ మొగుడి చెక్కుబుక్కు ఏమి చేస్తుంది?

నా సంగతే చెబుతాను. నాలుగేళ్ళ క్రితం లేత రంగుల మోజు మొదలైందని విని, వెంకటగిరి వెళ్ళి బూడిద రంగు పట్టుచీరలు నలభై నేయించాను. చేతిలోకి తీసుకుంటే పొగమంచులా ఉండేవి, ఇప్పటికీ ఆ చీరలంటే నాకు ఇష్టమే. వచ్చిన ప్రతి పెద్దావిడా వేళ్ళతో అంచు తడిమి చూసి, “బాగుంది, కానీ పెళ్ళికి ఈ రంగేమిటమ్మా?” అని పక్కన పెట్టేసేది. అమ్ముడుపోని పట్టుచీర బీరువాలో ఊరికే ఉండదు. రెండు మూడు నెలలకొకసారి తీసి మడత మార్చాలి, లేకపోతే జరీ మడత దగ్గరే విరుగుతుంది. ఆ నలభై చీరలకూ ఏడాదిన్నర పాటు మడతలు మార్చాను. చివరికి ఒక్కటి తప్ప అన్నిటినీ అసలు ధర కంటే తక్కువకు వదిలించుకున్నాను. మనకు ఆషాఢం, ఇక్కడివాళ్ళకు ఆడి నెల, రెండూ కలిపితే దాదాపు నెలన్నర తగ్గింపు ధరలే కదా! ఆవిడ ఈ జూదాన్ని యాభై ఏళ్ళకు పైగా ఆడుతూ వచ్చింది.

ఇక హోటళ్ళు. దుకాణం పెట్టకముందు ఈ నగరంలోనే ఒక పెద్ద హోటల్లో తొమ్మిదేళ్ళు హౌస్‌కీపింగ్‌లో పనిచేశాను. సూపర్‌వైజర్ గదిని నిలబడి చూస్తే కుదరదు. మంచం మీద అతిథి ఆనుకునే చోట కూర్చుని పైకప్పు చూడాలి, సాలెగూడు అక్కడే కనిపిస్తుంది. స్నానాల గదిలో మోకాళ్ళ మీద వంగి టార్చిలైటు నేలకు ఆనించి వెయ్యాలి. తడి నేల మీద ఒక్క వెంట్రుక దొరికిందంటే చాలు, అతిథికి పూలూ గుర్తుండవు, పళ్ళబుట్టా గుర్తుండదు. ఒక్కో మంచానికి కనీసం మూడు జతల దుప్పట్లు కావాలి. పరుపు మీద ఒకటి, ఉతుకులో ఒకటి, అల్మరాలో ఒకటి. ఇంత చేసినా ఆ రాత్రికి గది నిండకపోతే ఆ అద్దె పోయినట్టే. నా బూడిద రంగు చీరను ఆడి నెలలోనైనా అమ్ముకున్నాను. నిన్న రాత్రి గదిని ఈరోజు ఎవరికి అమ్ముతారు?

ఒకదానికి సీజన్ గండం, ఇంకొకదానికి ప్రతి అర్ధరాత్రీ గండం. రెండింటినీ కోరి నెత్తిన పెట్టుకున్న మనిషిని ‘అభిరుచి గల మహిళ’ అని రాస్తారేమిటి? సిమెంటు అమ్మే మగవాణ్ణి మాత్రం పారిశ్రామికవేత్త అంటారు. సిమెంటుకు ఫ్యాషన్ మారదు కూడా.

లండన్‌లో 1991లో ఆవిడ తెరిచిన హాల్కిన్ హోటల్లో 41 గదులే ఉండేవి. సిబ్బంది యూనిఫారాలు అర్మానీవి. దుకాణంలో అమ్మే పేరే తలుపు తీసే మనిషి ఒంటి మీదా ఉందన్నమాట. ఈ ఉపాయం నాకు తట్టి ఉంటే పనిలో ఉన్నప్పుడే మా మేనేజరుతో పోట్లాడి మరీ చేయించేదాన్ని. మాకు ఇచ్చిన పాలియెస్టర్ చీరలు మే నెల ఎండకు వీపుకు అతుక్కుపోయేవి. అదే హాల్కిన్‌లో 2001లో నామ్ అనే థాయ్ రెస్టారెంటు పెట్టారు. మరుసటి ఏడాదే దానికి మిషెలిన్ స్టార్ వచ్చింది. అంతకుముందు ఏ థాయ్ రెస్టారెంటుకూ ఆ గౌరవం దక్కలేదు. లండన్‌లో ఖరీదైన దుకాణాలుండే బాండ్ స్ట్రీట్‌లో ఆవిడ నడిపిన దుకాణాలు చూసి, అక్కడి పత్రికలు ఆ వీధికి ఆవిడే రాణి అని రాశాయి. ఆవిడ మాత్రం ఇంటర్వ్యూలు ఇవ్వడమే అరుదు.

మన ఊరికే వస్తే, అన్నా సాలైలో జెమినీ స్టూడియో ఉన్న చోట ఇప్పుడు పార్క్ హోటల్ ఉంది. ఆ హోటళ్ళ అధిపతి ప్రియా పాల్ గురించి కూడా ‘నాన్న ఆస్తి’ అనేస్తారు. 1990లో ఆ నాన్నను అస్సాంలో ఉల్ఫా అనే తీవ్రవాద సంస్థ చంపేసింది. అప్పటికి ఆమెకు పాతికేళ్ళు నిండలేదు. ఆస్తితో పాటు చేతికి వచ్చింది అది.

క్రిస్టినా ఓంగ్‌ను దేవతను చేసి కూర్చోబెట్టమని నేను అనడం లేదు. కోమో గది ఒక రాత్రి అద్దె నాలాంటివాళ్ళ ఊహకే అందదు. ఆవిడ కుటుంబం చేతిలో ఉన్న మల్బరీ, ఇంగ్లండ్‌లో తోలు సంచులు చేసే కంపెనీ, 2024 మార్చితో ముగిసిన ఏడాదికి 3.4 కోట్ల పౌండ్ల నష్టం చూపింది. 2024లోనే ఫ్రేజర్స్ గ్రూప్ అనే బ్రిటిష్ కంపెనీ మొదట 8.3 కోట్ల పౌండ్లకు, తరువాత 11.1 కోట్లకు కొంటామని వచ్చింది. వీళ్ళు అమ్మలేదు. అది మొండితనమో ముందుచూపో నేను చెప్పలేను. నష్టంలో ఉన్న సరుకును పట్టుకుని కూర్చోవడం ఎలా ఉంటుందో మాత్రం నాకు తెలుసు.

నిన్న బాబాయి ఫోన్ చేశారు. కూతురి సీమంతానికి పట్టుచీర కావాలట, “మనవాళ్ళ ధర చెప్పమ్మా” అన్నారు. ఆషాఢమూ అయిపోయింది, ఆడీ అయిపోయింది బాబాయీ అన్నాను. అయినా వస్తానన్నారు. బూడిద రంగు చీర ఒకటి ఇంకా మిగిలే ఉంది, ముందు అదే చూపిస్తాను.