జీవులారా, సిలబస్ ప్రకారం నడుచుకోండి

ఉల్లిపాయ మీద నాకు మొదట్నుంచీ నమ్మకం లేదు. ధర దగ్గర దానికి నిలకడ లేదని దేశమంతా చూసింది. చదువు దగ్గర కూడా లేదని మొన్ననే బయటపడింది.

మా అక్క కూతురు ఇంటర్ మొదటి సంవత్సరం, బైపీసీ. వృక్షకణం అంటే కణకవచం, పెద్ద రిక్తిక (అంటే కణంలోని నీళ్ల సంచి), ఆకుపచ్చ రంగునిచ్చే హరితరేణువులు అని నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. అలాంటి పిల్ల ప్రాక్టికల్ క్లాసులో ఉల్లిపొర ఒలిచి, స్లైడు మీద పరిచి, సాఫ్రనిన్ అనే ఎర్రరంగు చుక్క వేసి, మైక్రోస్కోపుకి కన్ను ఆనించింది. గోడకి ఇటుకలు పేర్చినట్టు వరసగా గదులు. ఒక్కో గదిలో ఓ పక్కకి ఒదిగిన ఎర్రటి చుక్క, అదే కేంద్రకం. అంతవరకు బాగానే ఉంది. హరితరేణువులు మాత్రం మచ్చుకి ఒక్కటైనా లేవు.

సాయంత్రం వచ్చి, "మామయ్యా, ఉల్లిపాయ మొక్క కాదా?" అంది.

"మొక్కే తల్లీ. కాకపోతే సిలబస్ చదవని మొక్క" అన్నాను.

మట్టిలో ఎండ పొడ సోకకుండా పెరిగే గడ్డకి హరితరేణువులెందుకు, ఉల్లికాడల్లో ఉన్నాయిగా అని దాన్ని వెనకేసుకొచ్చేవాళ్లు ఉంటారు. ఇలాంటి జాలిగుండెల వల్లే జీవులు చెడిపోతున్నాయి. పుస్తకంలో బొమ్మ అచ్చయ్యాక మొక్కలే దానికి తగ్గట్టు సర్దుకోవాలి. ఇవాళ ఉల్లిపాయని చూసీచూడనట్టు వదిలేస్తే రేపు ఎర్రరక్తకణం మొదలుపెడుతుంది. ఆ మాటకొస్తే ఎప్పుడో మొదలుపెట్టింది. కేంద్రకం కణానికి మెదడులాంటిదని, మైటోకాండ్రియా శక్త్యాగారమని మనం పిల్లల చేత వందసార్లు రాయిస్తాం. మన ఒంట్లో ముదిరిన ఎర్రరక్తకణానికి ఆ రెండూ ఉండవు. అయినా దాదాపు 120 రోజులు ఆక్సిజన్ మోస్తూ తిరుగుతుంది. పై అధికారి లేని ఆఫీసే సవ్యంగా నడుస్తుందన్న చెడ్డ సందేశం పిల్లల రక్తంలోకి పోదా?

అసలు గొడవ మొదటి పాఠంలోనే ఉంది. జీవుల లక్షణాలు: పెరుగుదల, జీవక్రియ, ప్రేరణకి స్పందించడం, ప్రత్యుత్పత్తి. ఇందులో నాలుగోది కంచర గాడిద చెయ్యదు. గుర్రానికి 64 క్రోమోసోములు, గాడిదకి 62, మధ్యలో దీనికి 63 వచ్చాయి. జతలు కుదరక దాదాపుగా సంతానం ఉండదు. కాబట్టి సిలబస్ ప్రకారం అది జీవి అవునో కాదో తేలాలి. నలభై నాలుగేళ్లొచ్చినా పెళ్లి కాని నా సంగతీ అంతే. పెళ్లిళ్లలో మా పెద్దమ్మలు నన్ను చూసే చూపుని బట్టి ఈ పాఠం వాళ్లకి బాగా వచ్చని చెప్పగలను.

బొద్దింక మరీ దొంగది. దాని శాస్త్రీయ నామం పెరిప్లానెటా అమెరికానా. అందులో 'అమెరికానా' అన్నది 1758లో స్వీడన్ శాస్త్రవేత్త లినేయస్ పెట్టింది. పేరు అమెరికాది, పుట్టుక ఆఫ్రికా ప్రాంతానిది, ఓడలెక్కి లోకమంతా తిరిగింది, ప్రస్తుత నివాసం మా ఇంటి సింకు కింద. ఇన్ని చిరునామాలు మనిషికుంటే రేషన్ కార్డు కూడా ఇవ్వరు. మా పిల్లకి బొద్దింక గుండెలో 13 గదులని తెలుసు. ఒంటికి రెండు పక్కలా కలిపి 10 జతల శ్వాసరంధ్రాలని తెలుసు. దాని రక్తం ఆక్సిజన్ మొయ్యదని కూడా తెలుసు. నీట్‌లో 720కి 360 మార్కులు జీవశాస్త్రానివే మరి. నిన్న రాత్రి బాత్రూంలో ఆ జీవి ఎదురయ్యేసరికి ఈ పరిజ్ఞానం ఏదీ అక్కరకి రాలేదు. నేను చెప్పు పట్టుకుని పరిగెత్తాల్సి వచ్చింది.

ఇక ప్రాక్టికల్ బొమ్మలు గీసే రికార్డు విషయం. అక్కడే అమ్మాయి పెద్ద పొరపాటు చేసింది. కనిపించింది కనిపించినట్టు గీసింది. గోడలు, చుక్కలు, అంతే. లెక్చరర్ గారు ఎర్ర పెన్నుతో "ఇన్‌కంప్లీట్" అని రాశారు. పక్కన కూర్చునే పిల్ల అదే ఉల్లిపొరలో మైటోకాండ్రియా, రైబోసోములు అన్నీ గీసి "గుడ్" తెచ్చుకుంది. కణంలో ప్రొటీన్లు తయారుచేసే రైబోసోము వెడల్పు 20 నుంచి 30 నానోమీటర్లు. మామూలు కాంతితో పనిచేసే మైక్రోస్కోపు, ఎంత ఖరీదైనదైనా, 200 నానోమీటర్లకి అటూ ఇటూగా చేతులెత్తేస్తుంది. జార్జ్ పలాడే అనే ఆయన 1950లలో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు పెట్టుకుని వీటి వెంటపడ్డాడు. ఆ తరహా పనికి 1974లో నోబెల్ పంచుకున్నాడు. ఆయనకి అంత యంత్రం కావాల్సొచ్చింది. మన పిల్లలకి అద్దం మీద బూజు పట్టిన మైక్రోస్కోపు, హెచ్‌బీ పెన్సిలు చాలు. సంజయుడి తర్వాత అంతటి చూపు మళ్లీ బైపీసీలోనే పుట్టింది.

చూడటం వల్ల వచ్చే నష్టం ఏంటో లీవెన్‌హుక్‌ని చూస్తే తెలుస్తుంది. హాలండ్‌లోని డెల్ఫ్ట్ ఊళ్లో బట్టల వ్యాపారి. కోచింగ్ లేదు, ర్యాంకు లేదు. సొంతంగా కటకాలు సానపట్టుకుని, 1683లో తన పళ్ల మీది గార గీకి చూస్తే అందులో ప్రాణులు కదులుతున్నాయి. ఉన్నది ఉన్నట్టు ఉత్తరం రాసి లండన్ పంపాడు. లేబుల్స్ సరిగ్గా కుడివైపు పెట్టాడో లేదో! రాబర్ట్ హుక్ నయం. 1665లో బెండు ముక్కలో ఖాళీ గదులు చూసి వాటికి 'సెల్' అని పేరు పెట్టాడు. అవి చచ్చిన కణాల గోడలు. జీవశాస్త్రాన్ని ప్రాణం లేనిదాని దగ్గర మొదలుపెట్టిన ఆ మంచి సంప్రదాయాన్ని మన ల్యాబులు ఫార్మలిన్ సీసాల్లో నేటికీ కాపాడుతున్నాయి.

ఎర్ర సిరా చూశాక అమ్మాయి దారికొచ్చింది. సీనియర్ రికార్డు అడిగి తెచ్చుకుంది. ఆ సీనియర్ అంతకుముందు సీనియర్‌ది చూసి వేసింది. ఆవిడ, ఆ పైవాళ్లది. కణం నుంచే కణం పుడుతుందని 1855లో జర్మన్ వైద్యుడు విర్కో అన్నాడు. రికార్డు నుంచే రికార్డు పుడుతుందని మా పిల్ల కాలేజీ ఏటా నిరూపిస్తోంది.

ఆ రికార్డు నేనూ తిరగేశాను. అనువంశికత, ఉత్పరివర్తనం పాఠాలకి అంతకన్నా మంచి నమూనా దొరకదు. కణంలో చదునైన సంచుల దొంతరలా ఉండే గాల్జీ సంక్లిష్టం ఏ తరంలోనో ఒక చేతి తొందరపాటుకి 'గోళీ' సంక్లిష్టం అయింది. ఆ మార్పు వల్ల మార్కులు తగ్గలేదు కాబట్టి ప్రకృతి దాన్ని ఏరిపారెయ్యలేదు. చక్కగా బతికి కిందికి దిగింది. గోళీలు గుండ్రంగా ఉండాలి గనక ఆ తర్వాతి తరంలో బొమ్మ కూడా గుండ్రమైంది.

ఏడో పేజీలో ఇంకో వింత. ఉల్లికణాల మధ్య పెద్ద వృత్తం, దాని చుట్టూ దళసరి నల్ల అంచు, లోపల ఏమీ లేదు. నాకు చూడగానే తెలిసింది. కవర్ స్లిప్ ఓ పక్క నుంచి మెల్లగా దించకుండా టప్పున పడేస్తే కింద చిక్కుకునే గాలిబుడగ. ఎవరో మహానుభావురాలు, పాపం, నిజంగానే మైక్రోస్కోపులో చూసి గీసినట్టుంది. ఆ తర్వాతి వాళ్లు దానికి 'రిక్తిక' అని పేరు పెట్టి, గీత లాగి, పక్కన చక్కగా లేబుల్ చేశారు.

"ఇది గాలిబుడగ రా" అన్నాను.

"తెలుసు మామయ్యా" అంది తలెత్తకుండా, కంపాసుతో వృత్తం గీస్తూ. "అందరికీ ఉంది. నాకొక్కదానికే లేకపోతే మేడం అడుగుతారు."

ఈసారి "వెరీ గుడ్" వచ్చింది. మొన్న ఆదివారం కొత్తగా చేరిన పక్కవీధి అమ్మాయి రికార్డు కోసం వచ్చింది. గుమ్మంలోనే నిలబడి ఏడో పేజీ తీసి, "అక్కా, ఈ నల్ల అంచు పెన్సిల్‌తోనే వెయ్యాలా, స్కెచ్ వాడొచ్చా?" అని అడిగింది.