తలూపితే అర్థమైనట్టేనా?

శ్రీకాకుళం, విజయనగరం ఓపీల్లో అల్సరేటివ్ కొలైటిస్ ఉన్నవాళ్లని మాత్రలు వాడుతున్నావా అని అడిగి చూడండి, "నెత్తురు తగ్గిపోనాది బావూ, మానేసినాను" అనేవాళ్లు తప్పకుండా తగుల్తారు. విరేచనంలో నెత్తురు పడుతూ, పైకి తగ్గినట్టే ఉండి లోపల రాజుకునే పెద్దపేగు జబ్బు ఇది, మెసలమైన్ లాంటి మందు బాగున్న రోజుల్లో కూడా వేసుకోవాలి. ఆ ముక్క డాక్టర్ చెప్పే ఉంటాడు, ఎక్కిందో లేదో చూసేవాళ్లేరి? బీపీ చూస్తాం, హిమోగ్లోబిన్ చూస్తాం, ఇదొక్కటే చూడం.

కొలిచే పద్ధతి లేక కాదు. ఇంగ్లండ్‌లోని లెస్టర్ డాక్టర్లు 1999లోనే క్రోన్స్ (ఇదీ ఇలాంటి పేగు జబ్బే), కొలైటిస్ పేషెంట్ల కోసం 24 ప్రశ్నల పరీక్ష తెచ్చారు, జబ్బు, మందులు, తిండి, ముదిరితే వచ్చే ముప్పులు అన్నీ అందులో ఉన్నాయి. మంచిదే, కానీ దాన్ని ఉన్నదున్నట్టు తెలుగు చేసి టెక్కలిలోనో చీపురుపల్లిలోనో పంచితే ఒరిగేది తక్కువే. ఇక్కడ అడగాల్సినవి వేరు. రక్తం పడితే మొలలే అనుకుని ఆర్‌ఎంపీ చుట్టూ ఎన్నాళ్లు తిరుగుతావ్? మోకాళ్ల నొప్పికి షాపులో కొనే డైక్లోఫెనాక్ పేగుని మళ్లీ రేపొచ్చని తెలుసా? జబ్బు ఎక్కువైనప్పుడు ఇచ్చే స్టెరాయిడ్ 8 మాత్రలతో మొదలెట్టి వారానికొకటి తగ్గించమంటారు, ఊళ్లో పెళ్లి హడావుడిలో మధ్యలోనే ఒకేసారి ఆపేస్తే, ఒళ్లు తన సొంత స్టెరాయిడ్ తయారీ అప్పటికే తగ్గించేసి ఉంటుంది కాబట్టి మనిషి కళ్లు తిరిగి పడిపోవచ్చు, ఇది ఎంతమందికి తెలుసు? జబ్బు మొదలై 8 ఏళ్లయ్యాక, బాగానే ఉన్నా క్యాన్సర్ ఉందేమో చూడ్డానికి కొలనోస్కోపీ (గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష) చేయించుకోవాలని ఎంతమందికి తెలుసు? పథ్యం పేరుతో చేప, గుడ్డు, పప్పు అన్నీ మానేసి చిక్కిపోయేవాళ్ల సంగతి ఇక చెప్పక్కర్లేదు.

ఇవన్నీ నోటితో, మన యాసలోనే అడగాలి. అర్థమైందా అంటే అందరూ తలూపుతారు, డాక్టర్ ముందు లేదనడానికి మొహమాటం మరి. "ఈ మాత్ర ఎన్నాళ్లని మీ ఆవిడ అడిగితే ఏం చెప్తావ్?" అంటే అసలు సంగతి బయటపడుతుంది. డాక్టర్‌కి తీరిక లేకపోతే నర్సు అడగొచ్చు, ఫార్మసిస్టు అడగొచ్చు. రెండు జిల్లాల్లోనూ ప్రభుత్వ మెడికల్ కాలేజీలున్నాయి, స్టూడెంట్లతో ఓ పది ప్రశ్నలు తయారుచేయించడం పెద్ద పనేం కాదు. వచ్చిన మార్కులు మాత్రం పేషెంట్‌వి కావు, చెప్పినవాళ్లవి.

ఇంకోటి, తెలిసినా వాడనివాళ్లుంటారు, నెలనెలా మందు కొనడం కూలి డబ్బులతో అయ్యే పని కాదు. అందుకే మానేసినవాడిని తిట్టేముందు తెలీక మానేశాడా, కొనలేక మానేశాడా అని కేస్ షీట్‌లో రెండు గడులు పెట్టండి, మొదటిదానికి నర్సు నాలుగు మాటలు చెప్తే చాలు, రెండోదానికి ఆస్పత్రి ఫార్మసీలో మందే ఉండాలి.