సవరణ: 1619లో వర్జీనియా చేరిన ఆఫ్రికన్ల గురించి

‘1619లో ఒక డచ్ ఓడ ఇరవై మంది బానిసలను జేమ్స్‌టౌన్‌లో దింపింది’ అని ముందటి పోస్టులో ఉంది. డచ్ ఓడ అన్నది, అప్పటి ఇంగ్లీషు వలస వర్జీనియాలో ఉన్న వలసదారు జాన్ రాల్ఫ్ ఉత్తరంలోని మాట. నిజానికి ఆ ఓడ, వైట్ లయన్, ఇంగ్లీషువాళ్లది. డచ్ అనుమతి పత్రం పెట్టుకుని సముద్రంలో దోపిడీలు చేసేది. వచ్చి ఆగింది జేమ్స్‌టౌన్‌లో కాదు, పాయింట్ కంఫర్ట్ దగ్గర, ఇప్పటి హాంప్టన్‌లో. అంగోలా నుంచి పోర్చుగీసు ఓడలో మెక్సికోలోని వెరాక్రూజ్‌కు తరలిస్తున్న ఆఫ్రికన్లను వైట్ లయన్ వాళ్లు దారిలో ఎత్తుకొచ్చి, ఇక్కడ తిండి సరుకులకు మార్చేసుకున్నారు. మనుషుల్ని! రాల్ఫ్ ‘ఇరవై పైచిలుకు’ అని రాశాడు, ఒక్కరి పేరూ రాయలేదు.

ఇంకొకటి. తల్లి బానిసైతే బిడ్డా బానిసే అన్న చట్టం వర్జీనియాలో 1662లో వచ్చింది. తండ్రి ఇంగ్లీషువాడైనా, ఆ తల్లిని బానిసగా ఉంచుకున్న యజమానే తండ్రైనా బిడ్డకు విడుదల లేదు.