ఆ బోల్టుల సలహాని దయచేసి ఎవరికీ పంపకండి

"తుప్పుకి, అరుగుదలకి శాశ్వత పరిష్కారం. ప్రతి వర్క్‌షాపులో ప్రింట్ తీసి అంటించండి" అంటూ ఒక మెసేజ్ తిరుగుతోంది. లేత్ షాపుల గ్రూపులోంచి వచ్చింది. చెరువుల దగ్గర ఏరియేటర్లు (నీళ్లలోకి గాలి ఎక్కించే యంత్రాలు) బాగుచేసే తమ్ముళ్లు పంపారు. చివరికి మా బావమరిది కూడా పంపి "చూడు బావా, ఎంత వివరంగా రాశాడో" అన్నాడు. చదవడానికి వివరంగానే ఉంది. పాటిస్తే మాత్రం డబ్బు పోగొట్టేవి కొన్ని, ప్రాణం మీదికి తెచ్చేది ఒకటి ఉన్నాయి అందులో. ఆ ఒకటీ తుప్పు పట్టిన గట్టి బోల్టుల్ని యాసిడ్‌లో నానబెట్టమనే సలహా. పోనీలే అని ఊరుకున్నాను. తీరా ఒక షాపులో నిజంగానే ప్రింట్ తీసి గోడకి అంటించి ఉంది. ఇక ఊరుకోలేక రాస్తున్నాను.

ఢిల్లీ ఇనుప స్తంభంతో మొదలెట్టాడు. 1600 ఏళ్లుగా చెక్కు చెదరలేదు, ఆ రహస్యం తెలిస్తే కోటింగే అక్కర్లేదట. రహస్యమేమీ లేదు. ఆ ఇనుములో భాస్వరం ఎక్కువ, దానివల్లే పైన పల్చటి రక్షణ పొర కట్టిందని ఐఐటీ కాన్పూర్‌లో ఆర్. బాలసుబ్రమణ్యం గారు పరిశోధించి చెప్పారు. మనం కొనే స్టీల్‌లో భాస్వరాన్ని కావాలనే తగ్గిస్తారు, ఎక్కువైతే పెళుసెక్కుతుంది కాబట్టి. స్తంభాన్ని చూసి గర్వపడదాం. షాఫ్ట్‌కి (యంత్రంలో తిరిగే కడ్డీకి) కోటింగ్ మాత్రం వేద్దాం.

"సాల్ట్ స్ప్రే టెస్టులో 1000 గంటలు నిలిస్తే 10 ఏళ్లు గ్యారంటీ" అన్నది రెండోది. తప్పు. 5 శాతం ఉప్పునీళ్లు, 35 డిగ్రీల వేడి, ఆగకుండా తడి, అదీ ఆ టెస్టు. ఎండ లేదు, ఆరడం లేదు. నిన్నటి బ్యాచ్, ఇవాళ్టి బ్యాచ్ ఒకేలా వచ్చాయా అని పోల్చుకోవడానికి అది పనికొస్తుంది. గంటల్ని ఏళ్లలోకి మార్చే లెక్క ఏదీ లేదు. ఏళ్లు కావాలంటే మీ ఊరి గాలిని చూడాలి. సముద్రపు ఉప్పుగాలి బాగా తగిలే చోట, ఐఎస్‌ఓ లెక్కలో సీ5 అనే చోట, జింక్ ఏడాదికి 4.2 నుంచి 8.4 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటర్లో వెయ్యో వంతు) తరిగిపోతుంది. అక్కడ తొట్టిలో కరెంటు పెట్టి పట్టించే 8 మైక్రాన్ల జింక్ ప్లేటింగ్ ఒకటి రెండేళ్ల ముచ్చట. అదే చోట కరిగిన జింక్‌లో ముంచి తీసే 85 మైక్రాన్ల హాట్ డిప్ పదేళ్ల నుంచి ఇరవై ఏళ్లు కాస్తుంది. రెంటినీ మన షాపుల్లో "జీఐ" అనే ఒక్క మాటతో అమ్మేస్తున్నారు, మెసేజ్‌లోనూ అంతే.

"తుప్పు మీదే కన్వర్టర్ రాసి పెయింట్ కొట్టండి" అన్నాడు. కన్వర్టర్ అంటే తుప్పుని గట్టి పొరగా మార్చే మందు. గట్టిగా పట్టుకున్న పల్చటి తుప్పుకి సరే. పెచ్చులు లేస్తున్న తుప్పు మీద రాస్తే పెచ్చుతో పాటే ఊడొస్తుంది.

ఇక హార్డ్ క్రోమ్, అంటే స్టీల్ మీద కరెంటుతో పట్టించే గట్టి క్రోమియం పొర. "అన్నిటికీ ఒకటే మందు: అరగదు, తుప్పు పట్టదు" అని పెద్ద అక్షరాల్లో రాశాడు. అందులో అరగదు అన్న సగం మాత్రం నిజమే. విక్కర్స్ అనే గట్టిదనం కొలతలో 800 నుంచి 1000 ఉంటుంది, రాపిడికి బాగా ఆగుతుంది. తుప్పు పట్టదు అన్నవాళ్లు రేవు దగ్గర పనిచేసిన జేసీబీ పిస్టన్ రాడ్‌ని ఒక్కసారి దగ్గరగా చూడండి. దూరానికి అద్దంలా ఉంటుంది. దగ్గరికెళ్తే సూదిమొనంత నారింజ చుక్కలు కనిపిస్తాయి. చుక్క మీద గోరు పెట్టి లాగితే గోరు తట్టుకుంటుంది. అక్కడ క్రోమ్ కింద స్టీల్ తినేసి, అంచు లేచింది. ఆ అంచే రాడ్ వెళ్లొచ్చిన ప్రతిసారీ ఆయిల్ కారకుండా ఆపే సీల్‌ని గీరుతుంది. తర్వాత ఆయిల్ కారుతుంది, సీల్ కంపెనీని తిట్టుకుంటాం.

మామూలు హార్డ్ క్రోమ్ పొరలో కంటికి కనపడని పగుళ్లు పుట్టుకతోనే ఉంటాయి. ఉప్పునీళ్లు వాటిగుండా కిందికి దిగుతాయి. జింక్ అయితే గీత పడినా తాను కరిగి ఇనుముని కాపాడుతుంది. క్రోమ్ ఆ పని చేయదు, గీత దగ్గర ఇనుమే తుప్పు పడుతుంది. ఉప్పు తగిలే రాడ్‌కి క్రోమ్ కింద నికెల్ పొర వేయించాలి, లేదా నైట్రైడింగ్ (స్టీల్ పైపొరలోకి నైట్రోజన్ ఎక్కించి గట్టిపరచడం) చేసి ఆక్సైడ్ పట్టించిన రాడ్ కొనాలి. జింక్ ఎంత కాపాడినా మెత్తన, రాపిడికి నిలవదు. ఏ భాగానికి ఏ బాధ ఉందో చూడకుండా "అన్నిటికీ ఒకటే" అని ఎలా రాయగలిగాడు?

అన్నిటికీ క్రోమ్ వేయమనే ముందు, ఆ తొట్టి దగ్గర నిలబడేవాళ్ల సంగతి కూడా ఆలోచించాలి. క్రోమిక్ యాసిడ్ ఆవిరి ముక్కు దూలానికి చిల్లు పెడుతుంది, క్యాన్సర్ తెస్తుంది. అవసరమున్న చోట, సరైన ఎగ్జాస్ట్ పెట్టి చేయించాల్సిన పని అది.

"ఎంత మందమైతే అంత మంచిది" అన్నదానికి కొలత చాలు. షాఫ్ట్‌కి 50 మైక్రాన్లు వేస్తే వ్యాసం 100 మైక్రాన్లు పెరుగుతుంది, బేరింగ్ ఎక్కదు. మరలో 10 మైక్రాన్లు వేస్తే పిచ్ వ్యాసం (మర పళ్ల మధ్య ఎత్తులో కొలిచేది) 40 మైక్రాన్లు పెరుగుతుంది, నట్టు బిగుసుకుపోతుంది.

ఒక్క చోట మాత్రం ఆయన రాసిన దానికి చేతులెత్తి దణ్ణం పెడతాను. "ఉప్పుగాలి తగిలే ఇనుముని పెయింట్ వేసే ముందు మంచినీళ్లతో కడగండి" అన్నాడు. నూటికి నూరుపాళ్లు నిజం. వైర్ బ్రష్ కొట్టి, గుడ్డతో తుడిచి, ప్రైమర్ ఎక్కించేస్తున్నాం. గుంతల్లో మిగిలిన ఉప్పు పెయింట్ పొరలోంచి తేమని లాక్కుంటుంది, కొన్ని నెలలకే బుడగలు లేస్తాయి. ఖరీదైన ఎపాక్సీ డబ్బా కన్నా ముందు ఒక గొట్టం, కాసిని మంచినీళ్లు కావాలి. ఆ వాక్యాన్ని ఎన్నిసార్లు పంపుకున్నా నాకు అభ్యంతరం లేదు.

అంత తెలిసినవాడు ఈ కింది ముక్క ఎలా రాశాడో అర్థం కాదు: "తుప్పు పట్టిన హైటెన్సైల్ బోల్టులు పారేయకండి. రాత్రంతా యాసిడ్‌లో నానబెట్టి జింక్ ప్లేటింగ్ చేయించండి, కొత్తవాటిలా పనిచేస్తాయి."

హైటెన్సైల్ అంటే ఎక్కువ బలం తట్టుకునేలా గట్టిపరచిన బోల్టులు. అవి అలా చేస్తే పనిచేయవు, విరుగుతాయి. బిగించేటప్పుడు విరిగితే అదృష్టమే, పాత బోల్టు పోయిందని తెలుస్తుంది. ఇవి టార్క్ రెంచ్‌తో (బిగింపు కొలిచే పానాతో) చక్కగా బిగుస్తాయి. కొన్ని గంటలకో, కొన్ని రోజులకో, ఎవరూ ముట్టుకోకుండానే తల ఎగిరిపోతుంది. విరిగిన ముఖం చూస్తే సాగిన గుర్తు ఉండదు, సన్నబడి ఉండదు. పంచదార పలుకుల్లా గరుగ్గా మెరుస్తుంటుంది.

యాసిడ్ ఇనుముని తిన్నప్పుడు హైడ్రోజన్ పుడుతుంది. ప్లేటింగ్ తొట్టిలో కరెంటు పెట్టినప్పుడు మళ్లీ పుడుతుంది. అందులో కొంత స్టీల్ లోపలికి దూరుతుంది. మెత్తటి స్టీల్ దాన్ని ఓర్చుకుంటుంది. బోల్టు తల మీద ఉండే అంకె దాని గ్రేడు, అది పెరిగేకొద్దీ బలం ఎక్కువ. 8.8 గ్రేడు వరకు భయం తక్కువ. 10.9 నుంచి జాగ్రత్త పడాలి. 12.9 అలెన్ బోల్టుని రాత్రంతా యాసిడ్‌లో ఉంచడమంటే దాన్ని చేతులారా పాడుచేయడమే. బిగింపు ఎక్కువగా ఉన్న చోటికి హైడ్రోజన్ చేరి అక్కడ పగులు తెస్తుంది.

మా పల్లెటూరి షాపుల్లో మాత్రమే జరిగే ముచ్చట కాదు ఇది. శాన్‌ఫ్రాన్సిస్కో-ఓక్లండ్ బే బ్రిడ్జిలో 3 అంగుళాల మందమున్న, జింక్ పూసిన హైటెన్సైల్ రాడ్లు 96 ఉన్నాయి. 2013 మార్చిలో వాటిని బిగించాక కొద్ది రోజుల్లోనే 32 విరిగాయి. కారణం హైడ్రోజనే అని తేలింది. మార్చడానికి చోటు లేక, వాటి బదులు బరువు మోసేలా స్టీల్ సాడిల్ (పైనుంచి పట్టి ఉంచే జీను లాంటి కట్టు) ఒకటి కట్టాల్సి వచ్చింది. అంతమంది ఇంజినీర్లున్న చోటే అలా అయితే, బకెట్‌లో యాసిడ్ పోసే చోట ఏం కావాలి?

హైటెన్సైల్ బోల్టుకి ప్లేటింగ్ తప్పదంటే గ్రేడు ఏమిటో ప్లేటింగ్ షాపుకి రాసివ్వండి. ప్లేటింగ్ అయిన 4 గంటల లోపే ఓవెన్‌లో పెట్టాలి. 190 నుంచి 220 డిగ్రీల మధ్య, గట్టిదనాన్ని బట్టి గంటల తరబడి ఉంచాలి. జింక్‌ని కాపాడే పసుపు రంగు పూత, అంటే పాసివేషన్, ఆ తర్వాతే. "మా దగ్గర ఓవెన్ లేదు" అంటే బోల్టులు వెనక్కి తెచ్చేసుకోండి. 12.9కి అసలు ఆ దారే వద్దు. యాసిడ్, కరెంటు రెండూ అక్కర్లేని జింక్ ఫ్లేక్ కోటింగ్ (జింక్ రేకుల పూత) ఉంది. ఆరుబయట లేని యంత్రానికి నల్ల బోల్టు, కాస్త ఆయిల్ చాలు.

ఇప్పటికే అలా నానబెట్టి ప్లేటింగ్ చేయించిన 10.9, 12.9 బోల్టులు హాయిస్ట్‌కో, ప్రెస్‌కో, లారీ చక్రానికో బిగించి ఉంటే బరువు దించి విప్పేయండి, కొత్తవి వేయండి. ఇప్పుడు వేడి చేసి లాభం లేదు, లోపల మొదలైన పగులుని ఓవెన్ మూయదు. విప్పినవాటిని డబ్బాలో దాచకండి. ఇంకొకరు తీసి వాడకుండా తల కోసి తుక్కులో పడేయండి.